గుండె లయ పరీక్ష అందరికీ చేయాలా? ఖర్చు ఎక్కడ, ఫలితం ఎక్కడ

ఏ హెల్త్ చెకప్ ప్యాకేజీ చూసినా అందులో ఈసీజీ ఉంటుంది. చేతికి పెట్టుకునే వాచీ కూడా ఇప్పుడు గుండె లయ తప్పిందని హెచ్చరిస్తోంది. ఏ బాధా లేని మనిషిలో ఈ తేడాను ముందే పట్టుకుంటే రాబోయే పక్షవాతాన్ని ఆపొచ్చన్నది వీటి వెనకున్న ఆశ. అది గాలిమాట కాదు. అయినా దీని మీద పెద్ద సంస్థలు ఒక్క మాట మీద లేవు. 50 దాటిన వాళ్లలో ఈ పరీక్ష వల్ల మేలు ఎక్కువో కీడు ఎక్కువో తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2022 జనవరిలో చెప్పింది. 65 దాటిన వాళ్లు ఏ పని మీద ఆసుపత్రికి వచ్చినా లయ చూడండి అని యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2024లో రాసింది. బ్రిటన్ జాతీయ స్క్రీనింగ్ కమిటీ అయితే జనాన్ని పిలిచి మరీ చేసే కార్యక్రమం వద్దంది.

అందరూ చూసింది దాదాపు అవే అధ్యయనాలు. మాటలు వేరవడానికి కారణం, "స్క్రీనింగ్" అన్న ఒక్క పేరు కింద ఒకదానికొకటి పోలిక లేని పనులు చాలా ఉండటం. ముప్ఫై సెకన్లు నాడి పట్టుకోవడమూ స్క్రీనింగే, చర్మం కింద రికార్డర్ అమర్చి మూడేళ్లు వినడమూ స్క్రీనింగే. ఎవరికి, దేనితో, ఎంతసేపు అన్నది తేల్చకుండా "లాభమా, దండగా" అని అడిగితే జవాబు దొరకదు.

వెతుకుతున్నది దేన్ని

లయ తప్పడంలో రకాలు చాలా ఉన్నాయి. ఇక్కడ గురి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మీదే, డాక్టర్లు ఏఎఫ్ అంటారు. గుండె పైగదులు అంటే కర్ణికలు గట్టిగా ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటాయి. ఎడమ కర్ణికకు పక్కన చిన్న సంచి లాంటి భాగం ఉంటుంది. రక్తం కదలిక మందగించి అందులో పెరుగు తోడుకున్నట్టు గడ్డ కడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు పోతే పక్షవాతం. ఏఎఫ్ ఉన్నవాళ్లలో పక్షవాతం ముప్పు సుమారు అయిదు రెట్లు ఉంటుందని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చెప్పింది. చిక్కేమిటంటే చాలామందికి గుండెదడ, ఆయాసం ఏమీ ఉండవు. పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన రోజే ఏఎఫ్ బయటపడేవాళ్లు తక్కువేం కాదు.

దీనికి మంచి మందులున్నాయి. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ పక్షవాతం ముప్పును దాదాపు మూడింట రెండొంతులు తగ్గిస్తుంది. ఆస్పిరిన్‌తో వచ్చే రక్షణ అయిదో వంతు ఉంటే ఎక్కువ. 2011లో వచ్చిన అవెరోస్ అధ్యయనంలో ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో ఏడాదికి 3.7 శాతం మందికి పక్షవాతం గానీ, వేరే అవయవంలో గడ్డ అడ్డుపడటం గానీ జరిగితే, వార్ఫరిన్‌లాగే గడ్డకట్టకుండా చూసే కొత్త మందు అపిక్సబాన్ తీసుకున్నవాళ్లలో అది 1.6 శాతమే. పెద్ద రక్తస్రావాలు రెండింటిలోనూ దాదాపు సమానం.

జబ్బు ప్రమాదకరం, కనపడదు, మందు పనిచేస్తుంది. ఇక వెతకడానికి అభ్యంతరం ఏముంటుంది?

వెయ్యి మందితో ఒక లెక్క

65 దాటిన వెయ్యి మందిని తీసుకుందాం. ఒక్కసారి పరీక్షిస్తే, అంతవరకు తెలియని ఏఎఫ్ సుమారు 1.4 శాతం మందిలో దొరుకుతుందని అంతర్జాతీయ సమీక్షల్లో తేలింది. అంటే 14 మంది.

ముందు నాడి పట్టుకుని చూద్దాం. నాడి పరీక్ష ఏఎఫ్ ఉన్నవాళ్లలో 92 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 82 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. ఆ లెక్కన 14 మందిలో 13 మంది దొరుకుతారు. మిగతా 986 మందిలో సుమారు 177 మందికి ఏమీ లేకున్నా నాడి తేడాగా అనిపిస్తుంది. మొత్తం 190 మందికి ఈసీజీ తీయాలి. ఈసీజీకి 250 రూపాయలు అనుకుంటే 47,500. దొరికిన ఒక్కొక్కరికి పడ్డ ఖర్చు సుమారు 3,650 రూపాయలు. నాడి చూడకుండా వెయ్యి మందికీ నేరుగా ఈసీజీ తీస్తే రెండున్నర లక్షలు, ఒక్కొక్కరికి 18 వేల దాకా తేలుతుంది.

వెతికే ఖర్చు అంతవరకే. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. 13 మందికి ఎకో (గుండె స్కాన్), థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), హిమోగ్లోబిన్ పరీక్షలకు తలా 2,000 అనుకుంటే 26,000. మందు రోజుకు 30 రూపాయలు అనుకుంటే ఏడాదికి 1.42 లక్షలు, అయిదేళ్లకు ఏడు లక్షల పైమాట. మందు లేకపోతే ఏడాదికి 3 శాతం ముప్పు అనుకుంటే, అయిదేళ్లలో ఈ 13 మందిలో ఇద్దరికి పక్షవాతం రావాలి. అందరూ మందు వదలకుండా వాడితే 1.3 ఆగుతాయి, అంటే ముగ్గురిలో ఇద్దరు తప్పించుకున్నట్టు. పై మొత్తాలన్నీ కలిపి చూస్తే ఆగిన ఒక్కో పక్షవాతానికి ఆరు లక్షలు. మంచానపడ్డ మనిషికి ఫిజియోథెరపీ, డైపర్లు, చూసుకోవడానికి పని మానేసి ఇంట్లో కూర్చున్న కోడలి కూలి ఇవన్నీ అయిదేళ్లపాటు లెక్కేసిన కుటుంబానికి ఆరు లక్షలు ఎక్కువనిపించదు.

ధరలు ఊరినిబట్టి, కంపెనీనిబట్టి మారతాయి. మీ ఊళ్లో ఉన్న ధరలు వేసి ఇదే లెక్క మళ్లీ కట్టుకోవచ్చు. అయితే అంకెలు ఎలా మార్చినా ఒక్క విషయం మారదు. వెతకడానికి పెట్టే ఖర్చు మొత్తంలో చిన్న ముక్క. ఆ 13 మంది అయిదేళ్లపాటు మందు వేసుకుంటారా లేదా అన్నదాని మీదే అంతా నడుస్తుంది. ఆరు నెలలకే సగం మంది మానేస్తే నాడి చూసిన శ్రమ, ఈసీజీ డబ్బులు సగం దండగే.

ఇదే లెక్క 40 ఏళ్లవాళ్లకు వేసి చూడండి. వెయ్యి మందిలో ఒక్కరికి ఏఎఫ్ ఉందనుకుందాం. ఒకే లీడ్‌తో, అంటే గుండెను ఒక్క కోణం నుంచే చూస్తూ తీసే చేతి ఈసీజీ పరికరాలు ఏఎఫ్ లేనివాళ్లలో 95 శాతం మందిని సరిగ్గా చెబుతాయి. మిగతా అయిదు శాతం, అంటే సుమారు 50 మంది, ఒక్క నిజమైన కేసు కోసం భయపడి కార్డియాలజిస్టు దగ్గర వరస కట్టాలి. పైగా ఆ దొరికిన ఒక్కరికి బీపీ, షుగర్ లేకపోతే రక్తం పలచన చేసే మందు అవసరమే ఉండదు. 35 ఏళ్ల ఉద్యోగికి ఏటా ప్యాకేజీలో తీసే ఈసీజీతో ఏఎఫ్ విషయంలో దాదాపు ఏ ప్రయోజనమూ లేదు. పది సెకన్ల కాగితం ఆ పది సెకన్ల సంగతే చెబుతుంది.

ఎక్కువగా వెతికితే ఎక్కువ మేలా?

వచ్చిపోయే ఏఎఫ్ ఒక్క ఈసీజీకి దొరకదు కాబట్టి ఎక్కువసేపు వినాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. దీన్ని రెండు దేశాలు గట్టిగా పరీక్షించాయి.

స్వీడన్‌లో స్ట్రోక్‌స్టాప్ అధ్యయనం కోసం హాల్లాండ్, స్టాక్‌హోమ్ ప్రాంతాల్లో 75, 76 ఏళ్లవాళ్లు 28 వేల మందికి పైగా తీసుకుని, సగం మందిని పరీక్షకు పిలిచారు. వచ్చినవాళ్లు బొటనవేళ్లు పెట్టి పట్టుకునే చిన్న పరికరంతో రెండు వారాలపాటు రోజుకు రెండుసార్లు ఈసీజీ తీసుకున్నారు. దాదాపు ఏడేళ్ల తర్వాత చూస్తే పక్షవాతం, గడ్డలు, ఆసుపత్రిలో చేర్చాల్సిన రక్తస్రావం, మరణం అన్నీ కలిపి పిలిచిన గుంపులో నూటికి ఏడాదికి 5.45, పిలవని గుంపులో 5.68. తేడా చిన్నదే. 91 మందిని పిలిస్తే ఒక్క ఘటన తగ్గింది. ఇంకో సంగతి గమనించాలి. పిలిచినవాళ్లలో వచ్చింది 51 శాతమే. రాని సగం మంది వచ్చినవాళ్లకంటే ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్లు. ఉత్తరం పంపి రమ్మంటే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లే వస్తారు, ముప్పు ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. మన ఊళ్లలో మెడికల్ క్యాంపులు పెట్టేవాళ్లకు ఇది కొత్తేం కాదు. అయినా అక్కడి ఆరోగ్య ఆర్థికవేత్తలు లెక్కగడితే ఆ వయసులో ఈ పద్ధతి గిట్టుబాటేనని తేలింది.

డెన్మార్క్ లూప్ అధ్యయనం ఇంకా ముందుకెళ్లింది. 70 నుంచి 90 ఏళ్ల వయసుండి బీపీ, షుగర్ లాంటి ముప్పు కనీసం ఒకటి ఉన్న 6,004 మందిలో 1,501 మందికి ఛాతీ చర్మం కింద రికార్డర్ అమర్చారు. వాళ్లలో 31.8 శాతం మందికి ఏఎఫ్ దొరికింది. మామూలుగా వదిలేసినవాళ్లలో 12.2 శాతానికే దొరికింది. దాదాపు మూడు రెట్లు! మందు వాడకం కూడా రెట్టింపు దాటింది. మరి గడ్డ వల్ల వచ్చే ముప్పు? 5.6 శాతం నుంచి 4.5కు తగ్గింది, అదీ యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పలేనంత తేడా. పెద్ద రక్తస్రావాలు 3.5 నుంచి 4.3 శాతానికి పెరిగాయి.

మూడు రెట్లు పట్టుకున్నా పక్షవాతాలు ఎందుకు అంతగా తగ్గలేదు? ఏళ్లతరబడి వింటే ఆరు నిమిషాలు వచ్చి పోయే ఏఎఫ్ కూడా దొరుకుతుంది. దానికీ, నాడి పట్టుకుంటే తెలిసిపోయే నిలకడైన ఏఎఫ్‌కీ ముప్పు ఒకటి కాదు. 2023లో వచ్చిన ఆర్టీసియా అధ్యయనం దీన్నే తేటతెల్లం చేసింది. పేస్‌మేకర్ లాంటి పరికరాల్లో మాత్రమే కనిపించిన, 6 నిమిషాల నుంచి 24 గంటల లోపు ఏఎఫ్ ఉన్న 4,012 మందిని తీసుకుంటే, ఆస్పిరిన్ మీద ఉన్నా పక్షవాతం ఏడాదికి 1.24 శాతమే. అపిక్సబాన్ దాన్ని 0.78కి తగ్గించింది, పెద్ద రక్తస్రావాన్ని మాత్రం 0.94 నుంచి 1.71 శాతానికి పెంచింది. జల్లెడ కన్ను ఎంత చిన్నదైతే అంత ముప్పు తక్కువ కేసులు పడతాయి, మందు వల్ల వచ్చే లాభం అంత పలచబడుతుంది. వాచీలు, ఒంటికి అంటించే ఈసీజీ ప్యాచ్‌లు అమ్మేవాళ్లు "ఇన్ని కేసులు పట్టాం" అని చెప్పే అంకెను నేను పట్టించుకోకపోవడానికి కారణం ఇదే. ఎన్ని పక్షవాతాలు ఆపారో చెప్పాలి.

వాచీ సంగతి కూడా చెప్పుకుందాం. 2019లో వచ్చిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది చేరితే హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికే. ఆ తర్వాత ప్యాచ్ పెట్టుకుని చూసిన 450 మందిలో 34 శాతం మందికి ఏఎఫ్ కనిపించింది. 65 దాటినవాళ్లలో హెచ్చరికలు 3 శాతానికి పైగా, 40 లోపువాళ్లలో 0.16 శాతం. వాచీ కొనేది ఎక్కువగా కుర్రవాళ్లు, జబ్బు ఉండేది వాళ్ల తాతల దగ్గర. వాచీ హెచ్చరిస్తే కొట్టిపారేయొద్దు, ఆ హెచ్చరిక చూసి మందు మొదలుపెట్టొద్దు. ఏఎఫ్ అని రాయాలంటే డాక్టరు కళ్లతో చూసిన ఈసీజీ కావాలి: పన్నెండు లీడ్లది గానీ, కనీసం 30 సెకన్ల ఒక లీడ్‌ది గానీ.

నాడి చూసే పద్ధతి

బ్రిటన్‌లో 50 క్లినిక్‌లలో 65 దాటిన 14,802 మందితో చేసిన సేఫ్ అధ్యయనంలో, అందరినీ పిలిచి ఈసీజీ తీసిన పద్ధతికీ, వేరే పని మీద వచ్చినప్పుడు నాడి చూసి అవసరమైతే ఈసీజీకి పంపిన పద్ధతికీ ఫలితంలో తేడా రాలేదు. ఏడాదికి రెండింటిలోనూ 1.6 శాతం కొత్త కేసులు, ఏమీ చేయని చోట 1.04. ఖర్చు మాత్రం రెండో పద్ధతికి బాగా తక్కువ. మన రెండు రాష్ట్రాలకు సరిపోయేది ఇదే. 30 దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసే జాతీయ కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. ఏఎన్‌ఎం చేతిలో బీపీ మిషన్ ఉంది, ఎదురుగా మనిషి ఉన్నాడు. 65 దాటిన మనిషైతే ఇంకో అర నిమిషం కలిపితే చాలు.

ఆ అర నిమిషం ఎలా వాడాలో చూడండి. మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. చెయ్యి ఒళ్లో గానీ బల్ల మీద గానీ ఆనించి, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర మూడు వేళ్లు పెట్టాలి. మన బొటనవేలు వాడకూడదు, దాని నాడి మనకే తగులుతుంది. 30 సెకన్లు చూడాలి. అనుమానం వస్తే నిమిషం నిండా చూడాలి. లెక్క ఎంత వచ్చిందన్నది కాదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉందా అన్నది ముఖ్యం. మధ్యలో ఒక దెబ్బ తొందరగా పడి చిన్న విరామం వచ్చి మళ్లీ సర్దుకుంటే అది చాలాసార్లు ఎక్టోపిక్ దెబ్బ, ఏఎఫ్ కాదు. ఊపిరి పీల్చినప్పుడు వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా ఉంటే చిన్న వయసువాళ్లలో అది మామూలే. ఏ వరసా లేకుండా ఎడాలు మారిపోతూ, దెబ్బ బలం కూడా మారుతూ ఉంటే ఏఎఫ్‌ను అనుమానించాలి. అప్పుడు స్టెతస్కోపుతో గుండె దగ్గర లెక్కపెడితే నాడిలో కంటే ఎక్కువ వస్తుంది, బలహీనమైన దెబ్బలు మణికట్టు దాకా చేరవు కాబట్టి.

బీపీ మిషన్ల తెర మీద వచ్చే లయ గుర్తు ఏదో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఏఎఫ్‌లో డిజిటల్ మిషన్ అంకెలు కూడా ఒక్కోసారి ఒక్కో రకంగా వస్తాయి. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. ఈసీజీ తీసేవాళ్లు పొడవాటి లీడ్ 2 పట్టీ తప్పకుండా ఇవ్వాలి. చేతులు వణికినా, జెల్ ఎండినా గీత గజిబిజిగా వచ్చి, యంత్రం పైన ఏఎఫ్ అని అచ్చేస్తుంది. ఆర్‌ఆర్ ఎడాలు (గీతలో దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరాలు) అస్తవ్యస్తంగా ఉన్నాయా, పీ తరంగాలు (కర్ణికల పనిని చూపే చిన్న అలలు) నిజంగా లేవా అన్నది మనిషే చూడాలి. ఇంకో లోపం కూడా తెలిసి ఉండాలి. ఏఎఫ్‌కు దగ్గరి జబ్బయిన ఏట్రియల్ ఫ్లట్టర్‌లో నాడి గడియారంలా సమానంగా కొట్టొచ్చు. నాడి పరీక్ష దాన్ని వదిలేస్తుంది.

దొరికాక తప్పేది ఎక్కడ

గొలుసు ఎక్కువగా తెగేది ఇక్కడే. ముందు పక్షవాతం ముప్పు ఎంతో చెప్పే స్కోరు చూడాలి. 65 నుంచి 74 ఏళ్లకు 1, 75, ఆపైన అయితే 2, బీపీకి 1, షుగర్‌కు 1, గుండె వైఫల్యానికి 1, రక్తనాళాల జబ్బుకు 1, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే 2. మొత్తం 2 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే మందు వేయాలి, 1 వస్తే మాట్లాడుకుని నిర్ణయించాలి. 70 ఏళ్ల మనిషికి బీపీ ఉంటే చాలు, 2 అయిపోయింది.

మొదటి పొరపాటు ఆస్పిరిన్ ఇచ్చి ఊరుకోవడం. "రక్తం పలచనయ్యే మాత్ర వాడుతున్నా" అని చెప్పే చాలామంది జేబులో ఉండేది 75 మిల్లీగ్రాముల ఆస్పిరినే. ఏఎఫ్‌కు అది సరిపోదు. రెండోది డోసు తగ్గించడం. అపిక్సబాన్ మామూలు డోసు 5 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. 80 లేదా అంతకు ఎక్కువ వయసు, 60 కిలోలు లేదా అంతకు తక్కువ బరువు, క్రియాటినిన్ 1.5 లేదా ఎక్కువ, ఈ మూడింటిలో కనీసం రెండు ఉంటేనే 2.5కు తగ్గించాలి. మన పల్లెల్లో 60 కిలోలు దాటని పెద్దవాళ్లే ఎక్కువ. బరువు ఒక్కటే చూసి సగం డోసు రాసేస్తే రక్తస్రావం భయం పోదు, రక్షణ తగ్గుతుంది. ఇదే తరహా మందు రివరాక్సబాన్ అయితే అన్నంతో పాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటపట్టదు. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో కొనే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ ఈ మందులతో కలిస్తే కడుపులో రక్తం కారొచ్చు. నల్లగా తారులా విరేచనమైతే అదే గుర్తు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పన్ను పీకించుకోవడానికని చెప్పి వారాలపాటు మందు ఆపేయడం ఇంకో ప్రమాదం. ఎన్ని రోజులు ఆపాలో, అసలు ఆపాలో వద్దో మందు రాసిన డాక్టరే చెప్పాలి.

ఇప్పటికే పక్షవాతం వచ్చి కారణం దొరకనివాళ్ల విషయం పూర్తిగా వేరు. అక్కడ ఎంతసేపు విన్నా దండగ కాదు. 2014లో వచ్చిన ఎంబ్రేస్ అధ్యయనంలో అలాంటి వాళ్లకు 30 రోజులు బెల్టు కట్టి వింటే 16.1 శాతానికి ఏఎఫ్ దొరికింది, ఒక్కరోజు ఈసీజీ రికార్డు చేసే హోల్టర్‌తో 3.2 శాతానికే. ఆసుపత్రికి పెద్ద రికార్డర్ కొనే డబ్బుంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ప్యాకేజీల్లో పెట్టే కంటే పక్షవాతం వార్డుకు ఇవ్వడం మేలు.

పడమటి అధ్యయనాలు అసలు లెక్కలోకి తీసుకోని గుంపు ఒకటి మన దగ్గర ఉంది. పలు దేశాల ఏఎఫ్ రోగుల వివరాలు నమోదు చేసిన రీ-లై రిజిస్ట్రీలో ఏఎఫ్‌తో వచ్చిన భారతీయుల్లో 31.5 శాతం మందికి రుమాటిక్ గుండె జబ్బు ఉంది, ఉత్తర అమెరికాలో అది 2.2 శాతమే. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చిన కీళ్లవాతం మైట్రల్ కవాటాన్ని పాడుచేస్తుంది. ముప్ఫై, నలభై ఏళ్లకే, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువగా, ఏఎఫ్ మొదలవుతుంది. 65 అన్న వయసు గీత వీళ్లకు వర్తించదు, పైన చెప్పిన స్కోరు కూడా వీళ్లకు పెట్టకూడదు. మెట్లెక్కితే ఆయాసపడే, గర్భంతో ఉన్నప్పుడు ఊపిరాడక ఇబ్బందిపడ్డ యువతి నాడి అస్తవ్యస్తంగా ఉంటే ఈసీజీతో పాటు ఎకో తప్పనిసరి. కవాటం ఓ మోస్తరుగా గానీ, బాగా గానీ ఇరుకై ఉంటే అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మందులు రాయకూడదు. రుమాటిక్ ఏఎఫ్ ఉన్న నాలుగున్నర వేల మందితో 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనంలో రివరాక్సబాన్ వాడినవాళ్లకంటే వార్ఫరిన్ తరహా మందు వాడినవాళ్లలో మరణాలు తక్కువ. అంటే వార్ఫరిన్ లేదా అదే తరహా ఎసినోకుమరాల్ వేసి, రక్తం ఎంత పలచనైందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకెను 2 నుంచి 3 మధ్య ఉంచాలి. మొదట్లో వారానికోసారి, నిలకడ వచ్చాక నెలకోసారి రక్తపరీక్ష తప్పదు. మందు చవకే, పరీక్షకు పట్నం పోయి రావడానికి పట్టే బస్సు ఛార్జీ, పోయిన కూలే భారం. అందుకని ఐఎన్‌ఆర్ ఏ ఊళ్లో, ఏ రోజు చేస్తారో మందు చీటీ మీదే రాసివ్వాలి. గర్భం ఆలోచన ఉన్నవాళ్లయితే నెల తప్పకముందే వచ్చి కలవమని కూడా అదే చీటీ మీద రాయాలి, ఈ మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి.